చేపలకు పెట్టిన వడియాలు

కడపలో మా చిన్నాయన కొడుకు, అంటే మా తమ్ముడి ఫ్లాటులో, వంటింటి గుమ్మం పక్కన ఒక అల్మారా ఉంది. దాని పై అర మందులది. మా అత్త మోకాళ్ళకు రాసుకునే నూనె, వారానికొకసారి ఆమె పాలలో కలుపుకుని తాగే విటమిన్ డి పొట్లాలు, మరదలు వేసుకునే ఐరన్ మాత్రలు, పిల్లవాడు చప్పరించే రంగురంగుల విటమిన్ బిళ్ళలు అన్నీ అక్కడే ఉంటాయి. వాటి మధ్య చేపల తిండి డబ్బా. మొన్న వెళ్ళినప్పుడు నా మాత్రల పెట్టెను కూడా ఆ అరలోనే సర్దబోయి, చోటు కోసం ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నాను. అచ్చులో ఏది కనిపించినా చదివే జబ్బు నాది, దాన్నీ చదివాను. ఎ, సి, డి, ఇ విటమిన్లు, కాల్షియం, జింకు, ఇనుము. ఒకటి రెండు తప్పితే నా మాత్రల మీద ఉన్నవీ అవే. హాల్లో టీవీ పక్కన గాజు తొట్టెలో తిరిగే చేపలూ, సోఫాలో కూర్చునే మేమూ దాదాపు ఒకే సరుకు మీద బతుకుతున్నామన్నమాట. డబ్బా అడుగున మాత్రం ఇంకో ముక్క ఉంది. ఎండ తగలని చల్లని చోట, చీకట్లో ఉంచండి అని. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. అది తెలియకే మా జేజి ఒకప్పుడు తన చేతుల మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టుకుంది.

నాయనమ్మను మేము జేజి అంటాం. అప్పటి మా ఇల్లు కడపలోనే, బండలు పరిచిన మిద్దె. ఎండాకాలం ఆ మిద్దె మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే అరికాళ్ళు బొబ్బలెక్కేవి. జేజికి అది ఒక పెద్ద పొయ్యి. ఇంట్లోకి వచ్చిన ప్రతిదీ ఆ మిద్దె ఎక్కి దిగాల్సిందే. మిరపకాయలు, చింతపండు, ధనియాలు, గుమ్మడి వడియాలు, మజ్జిగలో నానిన మిరపకాయలు, చివరికి వానాకాలంలో చెమ్మ పట్టిన మా బడి పుస్తకాలు కూడా. మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుంటే పై నుంచి మిరప ఘాటు, వడియాల పులుపు, కాలిన బండల వాసన కలిసి దిగివచ్చేవి. ఎండలో పడని వస్తువు ఇంట్లో నిలవదని జేజి నమ్మకం. అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో ఏదో పచ్చడికి ఒక ఎండ తక్కువ చూపించిందట. నేను పుట్టి పెద్దదాన్నయ్యాక కూడా జేజి ఆ పచ్చడి సంగతి ఎత్తుతూనే ఉండేది.

వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా తొలి ముద్ద జేజి చేతనే పెట్టించుకునేవాళ్ళు. ఆమె పెట్టిన బిడ్డకు తిండి ఒంటబడుతుందని ఒక మాట ఉండేది. ఆ రోజు జేజి తలకు పోసుకుని, చింతపండుతో చేతులు తోముకుని, పడసాలలో గోడకానుకుని కూర్చునేది. బిడ్డను తొడ మీద పెట్టుకుని, అన్నం మెతుకును వేళ్ళ మధ్య వెన్నలా మెదిపి, తన పెదవికి తాకించి వేడి చూసి, అప్పుడు పెట్టేది. ఎవరైనా పొగిడితే, "నా చేతిలో ఏముండాది మే, అంతా బియ్యంలో ఉండాది" అనేది. అనేటప్పుడు ముఖం మాత్రం వెలిగిపోయేది. చదువు లేదు, ఆస్తి వ్యవహారాల్లో ఎవరూ ఆమెను అడిగింది లేదు. ఆమెకు ఈ లోకంలో ఉన్న పరువంతా ఆ కుడిచేతిది.

ఇక అత్త. రత్నమ్మ ఆమె పేరు. నాయన కంటే చిన్నది, చిన్నాయన కంటే పెద్దది. వీధి చివర ప్రాథమిక పాఠశాలలో టీచరు. మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ బయటికి వంగి ఉండేవి. అటూ ఇటూ ఊగుతూ నడిచేది, కానీ బడికి ఎవరి కంటే ఆలస్యంగా పోయింది లేదు. పెళ్ళి కాలేదు. చూడవచ్చిన ఒకాయనకు ఆమె తానే లేచి నడిచి చూపించి, "సరిగ్గా చూసుకో, మళ్ళా చూళ్ళేదని అనొద్దు" అన్నదట. ఆయన మళ్ళీ రాలేదు. ఆ కాళ్ళ కథ మా ఇంట్లో అందరికీ తెలిసిందే. అత్తకు ముందు పుట్టిన ఆడపిల్ల నెలల పసికందుగా పోయింది. బయటి గాలి సోకిందని పెద్దలు తేల్చారు. అందుకని అత్త పుట్టినప్పుడు జేజి ఆమెను బాలింత గది దాటించలేదు. ఆ గదికి కిటికీ లేదు. పైన ఉన్న చిన్న గవాక్షంలో పాత గుడ్డలు కుక్కారు. బిడ్డ అక్కడే పాలు తాగి, అక్కడే కూర్చుని, అక్కడే మాటలు నేర్చింది. నడిచే వయసు దాటాక బయటికి తెచ్చి నిలబెడితే కాళ్ళు వంగాయి. గ్రహచారం అనుకున్నారు. జేజి కూడా అలాగే అనుకుంది. నేను పుట్టేనాటికి ఆ గదిలో విరిగిన మంచాలు, సొట్టలు పడిన ఇత్తడి గిన్నెలు ఉండేవి.

చేపలు మా ఇంటికి చిన్నాయన వల్ల వచ్చాయి. ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. మద్రాసు నుంచి ఎవరికో వచ్చిన చేపల సంచిని ఆ మనిషి విడిపించుకోవడానికి రాలేదు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచి మెత్తబడుతూ వస్తుంటే, పై అధికారి పారేయమన్నాడట. చిన్నాయన సైకిలుకు తగిలించుకుని ఇంటికి తెచ్చాడు. అన్నీ గప్పీలు. చిటికెన వేలంత ఒళ్ళు, విసనకర్రలాంటి తోక. మొదట నీళ్ళ గాబులో వదిలాము. తర్వాత పటాలు కట్టే ఆయన చేత గాజు తొట్టె చేయించాడు. దేవుడి పటాలు కట్టే చేతికి నీళ్ళ సంగతి తెలియదు కాబట్టి ఆ తొట్టె ఎప్పుడూ ఒక మూల కారుతూనే ఉండేది. దాని కింద చెంబు ఒకటి పెట్టేవాళ్ళం.

చిన్నాయన ఆ చేపలకు బజారు నుంచి పొట్లం తిండి తెచ్చాడు. జేజి దాన్ని మూతి విప్పి వాసన చూసి పక్కన పెట్టింది.

"ఏంది రా ఇది? ఏంటితో చేసినారో, ఎవురు చేసినారో ఏమన్నా తెల్సునా నీకు?"

"చేపల తిండేలేమా. అందరూ ఇదే ఏస్తారు."

"అందరి సంగతి నాకేల? నా ఇంటికొచ్చిన ప్రాణం పొట్లాలు తిని బతకాల్నా?"

మరుసటి రోజు నుంచి చేపల వంట మొదలైంది. రాగిపిండి, గానుగలో నూనె తీయగా మిగిలిన చెనిక్కాయల చెక్క పొడి, సంతలో దొరికే రొయ్యపొట్టు, కోడిగుడ్డు సొన, దంచిన మునగాకు. వీటిని సంగటిలా పొయ్యి మీద ఉడికించి, గుడ్డ మీద మినపగింజలంత వడియాలు పెట్టి, మిద్దెకెక్కించేది. కాకులు రాకుండా విరిగిన నల్ల గొడుగు ఒకటి పక్కన తెరిచి పెట్టేవాళ్ళం. గలగలలాడేంత ఎండాక జాడీకెత్తి, రోజూ కొన్ని తీసి వేళ్ళతో నలిపి నీళ్ళలో రాల్చేది. చేపలు పైకెగబడి తినేవి. మద్రాసు నుంచి చేపలు పంపే వ్యాపారి రైలు గార్డు ద్వారా చిన్నాయనకు ఒక మాట చెప్పి పంపాడు. ఇంట్లో చేసే తిండిలో విటమిన్ల మందూ, ఖనిజాల పొడీ కలపకపోతే పిల్లలు ఎదగవని. చిన్నాయన ఆ రెండూ తెప్పించాడు. సీసా మూత తీస్తే నారింజ తొనల వాసన, దాని వెనకే తుప్పు వాసన వచ్చేది. జేజి అభ్యంతరం చెప్పలేదు. మందంటే ఆమెకు గౌరవమే. ఎసరు తెర్లేటప్పుడే దాన్ని పోసేది, పిండికి బాగా పట్టాలని. పసుపైనా ఉప్పైనా ఆమె అలాగే వేసేది మరి.

గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కనుగుడ్డు చుక్కలు తప్ప ఏమీ కనబడని పిల్లలు ఒక ఉదయం తొట్టె నిండా కనిపించాయి. జేజి వాటికి దిష్టి తీసింది. కొన్ని వారాలకు ఒక పిల్ల వంకరగా ఈదుతున్నట్టు అమ్మ గమనించింది. తర్వాత మరొకటి. తల పైకి, తోక కిందికి, నడుము దగ్గర విరిచినట్టు. పెద్దవాటి రంగు కూడా వెలిసింది. జేజి తన పద్ధతిలో వైద్యం చేసింది. మందు రెట్టింపు చేసింది, మునగాకు పెంచింది, తిండిలో చెమ్మేమైనా మిగిలిందేమోనని వడియాలకు ఇంకా ఎక్కువ ఎండ చూపించింది. తర్వాత పుట్టిన పిల్లలు ఇంకా ఎక్కువగా వంగాయి. జేజి తొట్టె ముందు పీట వేసుకుని కూర్చుని వాటినే చూస్తుండేది. అత్త ఆ పక్కగా బడికి పోతూ ఒకసారి తొట్టెలోకి తొంగి చూసి, "నా శిష్యురాళ్ళు తయారైనారే" అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

చిన్నాయన ఆ వంగిన పిల్లల్లో కొన్నిటిని సీసాలో వేసుకుని మద్రాసు వెళ్ళి, ఆ వ్యాపారికి చూపించి వచ్చాడు. వచ్చిన రోజు ఆదివారం. మధ్యాహ్నం అందరం పడసాలలో వరసగా కూర్చుని తింటున్నాం. సంగటి, అందులో నంజుకునే ఊరిబిండి పచ్చడి. జేజి వడ్డిస్తోంది. చిన్నాయన కొత్త సంగతి తెలిసిన ఉత్సాహంలో ఉన్నాడు.

"అమ్మా, నీ వంటలో దినుసులన్నీ శానా మంచివేనంట. కాకుంటే ఆ మందు నిప్పు చూడగూడదంట, ఎండ చూడగూడదంట. మనం ఉడకబెట్టి, పైన ఎండబెట్టి, దాంట్లో సారమంతా పోగొడ్తాండామంట. అది ల్యాకనే పిల్లల ఎన్ను వంగిపోతాండాది."

"ఎండ సారం తీస్తాదా రా? ఎండబెడ్తేనే గదా ఏదైనా నిలిచేది?"

"అదే మా తమాషా! ఒక విటమినేమో ఎండకు పోతాదంట, ఇంగో విటమిను ఎండ తగిల్తేనే వస్తాదంట. అది మనుషులకు. పసిపిల్లోళ్ళను ఎండ తగలకుండా లోపలే పెడితే ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంగి..."

అక్కడ ఆగిపోయాడు. ఆగకుండా ఉంటే బాగుండేదేమో, మాటల్లో కొట్టుకుపోయేది. ఆగడంతోనే అందరి కళ్ళూ ఒకే చోటికి వెళ్ళాయి. అత్త తల ఎత్తలేదు. "వదినా, ఊరిబిండి ఇంగొంచెం ఎయ్యి" అంది అమ్మతో.

జేజి చేతిలో సంగటి కట్టె అలాగే ఉంది. "నీకు తెల్సునా రత్నా?" అని అడిగింది.

"తెల్సులే."

"ఎప్పటి నించి?"

"కాలిరిగినప్పుడు ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే ఏం జేస్తావు మా? మళ్ళా కని, ఎండలో పెంచుతావా?"

అత్త దాన్ని నవ్వులాటగానే అంది. జేజి అందరికీ వడ్డించి, తను తినకుండా వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. ఒక బిడ్డను ఎండ లేకుండా పెంచి వంచింది, ఈ పిల్లలను ఎండ పెట్టి వంచింది. రెండూ ప్రేమతో చేసిందే, రెండూ ఆ చేతులతోనే. ఆమె మనసులో ఆ లెక్క ఎలా తిరిగిందో ఇప్పుడు నాకు తెలుస్తుంది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఇంట్లో వంట రుచి మారిందని. పొయ్యి దగ్గరికి అమ్మే వెళ్ళేది. చేపలకు మళ్ళీ పొట్లం తిండి వచ్చింది. జేజి పడసాలలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఊరికే ఉన్న ఆ చేతులు చూస్తే నాకు భయం వేసేది.

ఎదురింటి కోడలు బిడ్డను ఎత్తుకుని వచ్చింది. వాడి తొలి ముద్దకు శుక్రవారం ముహూర్తం పెట్టుకున్నారు.

"జేజీ, పిల్లోనికి నువ్వే బువ్వ పెట్టల్ల."

"నేను పెట్టను మే. చెయ్యి బాగలేదు."

"నొప్పా జేజీ?"

"నొప్పి గాదు. చెయ్యే బాగలేదు. ఇంగెవురి చేతనన్నా పెట్టించుకోండి."

ఆ అమ్మాయికి అర్థం కాక, బిడ్డను భుజం మీద వేసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట అత్త చెవిన పడింది. మరునాడు బడికి సెలవు పెట్టింది, అది మా ఇంట్లో విడ్డూరం. కొంగు నడుముకు దోపి బాలింత గది తలుపు తెరిచింది. మంచాలు బయటికి లాగించింది, గిన్నెలు అటక ఎక్కించింది, నేల అలికించి నులక మంచం మీద తెల్లగుడ్డ పరిచింది. తర్వాత వంటింట్లో పిండి ఉడికించి, పూర్తిగా చల్లార్చి, చివరన మందు, ఖనిజాల పొడి కలిపింది. అత్తకు వంట రాదు. గిన్నె నిండా ఉండలు కట్టాయి. ఆ పిండిని గదిలోకి తీసుకుపోయి, చీకట్లో, గుడ్డ మీద వంకరటింకర వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. తలుపు బార్లా తెరిచే ఉంచింది. పడసాలలో కూర్చున్న జేజికి అంతా కనబడుతోంది.

కాసేపు ఓర్చుకుంది జేజి. "పిండి అట్లనా మే కలిపేది?" అంది చివరికి.

"నాకొచ్చినట్ల జేస్తాండా."

"ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అన్నీ ఒగ మాదిరి ఆరతాయా?"

"ఆరకుంటే పారేస్తాంలే."

జేజి లేచింది. గుమ్మం దాకా వచ్చి అక్కడ నిలబడిపోయింది. లోపలికి కాలు పెట్టలేదు. చీకట్లో అత్త మొహం నాకు కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది. ఎప్పుడూ ఉండే ఎకసెక్కం అందులో లేదు.

"లోపలికి రా మా. ఈ గదికి ఇన్నేండ్లకు ఒగ మంచి పని దొరికింది. నువ్వు రాకుంటే అదీ చెడ్తాది."

జేజి వచ్చింది. మంచం పక్కన కూలబడి, అత్త పెట్టినవన్నీ చెరిపేసి, పిండి మళ్ళీ మెదిపి, ఒక్కొక్కటే పెట్టింది. చీకట్లో కూడా వరస తప్పలేదు. "ఈడ ఆరతాయా?" అని ఒకసారి అడిగింది. "కడపలో ఆరకుండా యాడికి పోతాయి? నిదానంగా ఆరతాయి" అంది అత్త. అలాగే నిదానంగా ఆరాయి. వాటిని సన్నమూతి జాడీలో పోసి ఆ గదిలోనే ఉంచారు.

ఆ తిండి మీద పుట్టి పెరిగిన పిల్లలు నిటారుగా ఈదాయి. ముందు వంగినవి వంగినట్టే ఉన్నాయి. ఒకసారి వంగిన వెన్ను ఏ మందుకూ సరికాదని వ్యాపారి ముందే చెప్పాడు. తిండికి ఎగబడటంలో అవి వెనకబడుతుంటే జేజి వాటికి వేరే మూలలో, ముందుగా రాల్చేది. ఎదురింటివాళ్ళు ఆ శుక్రవారం ముహూర్తం దాటించి మళ్ళీ వచ్చి అడిగారు. జేజి చేయి కడుక్కుని బిడ్డను తొడ మీదికి తీసుకుంది. మెతుకును మునుపటి కంటే ఎక్కువసేపు మెదిపింది. ముద్ద పెట్టాక, "రోజూ కాసేపు ఎండలో పండుకోబెట్టు మే, మర్చిపోవద్దు" అని తల్లికి చెప్పింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి తల్లికీ చెప్పింది.

ఇంకో పని కూడా ఆమె మొదలుపెట్టింది. పొద్దున్నే, బడికి ముందు, అత్తను వాకిలి మెట్ల మీద ఎండలో కూర్చోబెట్టి, చీర మోకాళ్ళ దాకా జరిపి, ఆ వంగిన కాళ్ళకు నువ్వుల నూనె రాసి రుద్దేది. అత్తకు అప్పటికే తల నెరుస్తోంది. దారిన పోయే ఆమె బడిపిల్లలు "టీచరమ్మకు నూనె" అని కిసుక్కుమనేవారు. ఎవరి మాటా పడని అత్త, గట్టిపడిన ఎముకను ఏ ఎండా తిరిగి నిటారు చేయలేదని డాక్టరమ్మ నోట విన్న అత్త, నోరెత్తకుండా కూర్చునేది. జేజి బతికున్నన్నాళ్ళూ అలా కూర్చుంది.

అప్పుడు అంతా మంచి, ఇప్పుడు అంతా చెడు అని నేననను. ఇప్పుడు ఏది ఎంత వేయాలో డబ్బా మీదే ఉంటుంది. తమ్ముడి తొట్టెలో ఒక్క చేప కూడా వంగలేదు. తిండి ఎవరు కలిపారో తెలియదు కాబట్టి, వంగినా ఎవరి చేతులకూ నింద రాదు. మాకూ అంతే. బయట ఎండ మాడ్చేస్తుంటే పరదాలు వేసుకుని ఏసీ కింద కూర్చుంటాం. డి విటమిన్ తక్కువుందని డాక్టరు పొట్లాలు రాస్తాడు. ఎండను కూడా కొనుక్కుని పాలలో కలుపుకుని తాగుతున్నాం. జేజి బతికి ఉంటే ఆ పొట్లం మూతి విప్పి వాసన చూసి పక్కన పెట్టేది.

అత్త ఇప్పుడు తొంభైకి దగ్గర్లో ఉంది. నడవదు. చేపల డబ్బా చేతిలో పట్టుకునే వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, చీకటి చోట ఉంచాలన్న ముక్క చదివి వినిపించాను. నోట్లో పళ్ళు లేకుండా నవ్వింది. ఇన్నేళ్ళుగా అడగాలనుకుని అడగనిది అప్పుడు అడిగాను. "పనికిరాదని తెలిసి కూడా అన్నేండ్లు ఆ నూనె ఎందుకు రాయించుకున్నావత్తా?"

అత్త తన కాళ్ళ వైపు చూసుకుంది. "అది నా కాళ్ళకు గాదు మే. మా అమ్మ చేతులకు" అంది.

బాల్కనీలోకి ఎండ వచ్చింది. డబ్బాను అల్మారాలో వెనక్కి పెట్టి వచ్చి, అత్త కుర్చీని ఎండలోకి జరిపాను.